పదహారు మడవలు

నా చిన్నప్పుడు, ఉద్దనపల్లి దగ్గర మా చేనికి నీళ్లు పారించే పని నాదే. కాలవలోంచి మడిలోకి నీళ్లు తిరిగే గండిని మడవ అంటాం. ఒక మడి తడవగానే పారతో మట్టేసి దాని మడవ కట్టాలి, నీళ్లను పక్కదానికి మళ్లించాలి. అంతకుముందు ఎద్దులు కపిల లాగి బావిలో నీళ్లు తోడేవి. డీజిల్ ఇంజను రాగానే మా నాయన ఎద్దుల్ని అమ్మేశాడు. కపిల తోలుసంచిని కోయించి అందరికీ చెప్పులు కుట్టించాడు. ఆ చెప్పులేసుకుని నేనెంత మిడిసిపడ్డానో!

ఆ యేడు వాన మొహం చాటేసింది. రాగిపైరు వెన్ను తీసే వేళకు డీజిల్ కూడా కరువైంది. బావిలో నీళ్లున్నాయి, తోడే దిక్కు లేదు. ఇరుగుపొరుగు కూడా మాలాగే ఎద్దుల్ని అమ్ముకున్నారు. నాయన మూడు రోజులు హోసూరుకు పోయి, మూడు రోజులూ ఉత్త క్యానుతో తిరిగొచ్చాడు. నాలుగో రోజు తెల్లారగానే మా తాత తాడుకు కడవ కట్టాడు. తాత, నాయన, అమ్మ వంతులేసుకుని తోడారు. పొద్దు వాలేసరికి ముగ్గురి అరచేతులూ బొబ్బలెక్కాయి. తడిసినవి ఇరవై మళ్లలో నాలుగే.

తాత పార తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఈ నాలుగూ బతకనీ. కడమవాటికి మడవ కట్టేయమ్మా."

"అవి సచ్చిపోతాయి కదా తాతా?"

"సస్తాయి. అన్నిటికీ రవ్వంత రవ్వంత పోస్తే అన్నీ సస్తాయి. మీ నాయన చేత ఈ పని చేయించలేను. నాకూ చేతులు రావడంలే."

పదహారు మడవలూ నేనే కట్టాను. నాయన బావిగట్టున కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తాత ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో.

వచ్చిన కొద్దిపాటి రాగుల్లో ముందు విత్తనానికి తీసిపెట్టాకే తాత తిండికిచ్చాడు. ఆ యేడంతా మా కంచాల్లో సంగటి ముద్ద సగమే. ఆకలికి ఏడ్చే చెల్లెలికి నా ముద్దలో తుంచి పెడుతున్నప్పుడల్లా నా చేతులంటే నాకే అసహ్యం వేసేది.

ఇప్పుడు మా ఇంట ట్రాక్టరుంది, మోటారుంది. వద్దనడానికి నేనేం వెర్రిదాన్ని కాను. ఎద్దుల జతను, కపిలను మాత్రం అమ్మనివ్వను. "దండగ మేపు అవ్వా" అని మనవళ్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. బతికున్న పైరుకు తన చేత్తో తానే నీళ్లాపడమంటే ఏమిటో వాళ్లకు తెలియకూడదనే ఈ మేపు.