గింజాలో బోణీ

మా ఫ్యాక్టరీ స్టోర్స్ ఇన్‌చార్జిది సదాశివపేటలో కిరాణా కొట్టు నడిపిన కుటుంబం. పటాన్‌చెరులో పొద్దున్నే ఏ కొట్టుకెళ్లినా గడప బయటే ఆగి, "బోణీ అయిందా సేటూ?" అని అడిగేవాడు. కాలేదంటే అగ్గిపెట్టె అయినా కొనకుండా కదిలేవాడు కాదు. ఆయన పేరుకన్నా ముందు నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

ట్రైనింగ్‌కని ఇద్దరం టోక్యో వెళ్లినప్పుడు, సెలవునాడు గింజా బజారు చూద్దామని బయల్దేరాం. ఓ పెద్ద షాపు తలుపులు అప్పుడే తీశారు. అందరికన్నా ముందు మేమే. లోపల అమ్మాయిలంతా వరసగా నిలబడి వంగి నమస్కరించారు. ఆయన ముఖం పాలిపోయింది.

"తమ్మీ, మనదే బోణీ! వట్టి చేతుల్తోని ఎట్ల పోతం?"

"ఇక్కడ మనం జేబురుమాలు కూడా కొనలేం అన్నా. పోదాం పద."

"వద్దు. దినమంత ఆళ్ల గిరాకీ ఖరాబైతది."

చెమట తుడుచుకుంటూ, తలుపు పక్కనే అమ్మకానికి పెట్టిన గొడుగుల దగ్గర నిలబడిపోయాడు. కాసేపటికి ఒక ముసలావిడ వచ్చింది. ఒక్కో గొడుగూ విప్పి చూసి, మళ్లీ మడిచి పెట్టేస్తోంది. ఈయన ఊపిరి బిగబట్టాడు. చివరికి ఆవిడ నీలం గొడుగొకటి పట్టుకుని కౌంటర్‌కి నడిచింది. బిల్లు ఆవిడ చేతికి రాగానే ఈయన రెండు చేతులూ జోడించాడు. ఎందుకో తెలియకపోయినా, ఆవిడా వంగి నమస్కరించింది.

"అయింది బోణీ. పా తమ్మీ, ఇగ నిమ్మలంగ అన్నీ సూసుకుంట తిరుగుదాం."