మా ఇంట్లో రెండో సరిత

ఒక్క మెసేజ్‌తో ఇంటిల్లిపాదినీ దొంగ చేతుల్లో పెట్టబోయిన కోడల్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఇప్పుడు ఆమె రాసిందే చదువుతున్నారు.

ఆర్మూరులో మా ఆయన పసుపు కమీషన్ వ్యాపారి. నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను కాబట్టి ఇంట్లో ఫోన్ల వ్యవహారమంతా నా రాజ్యం. అన్నం వడ్డిస్తూ కూడా ఉపన్యాసం ఆపేదాన్ని కాదు. "ఎవ్వలడిగినా కోడ్ చెప్పొద్దు. ఫోటో చూసి నమ్మొద్దు. ఇప్పుడు గొంతులు గూడ దొంగలు తయారు జేస్తున్నరు." అత్తమ్మ తలూపేవారు. మా ఆయన పప్పు కలుపుకునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం, డిచ్‌పల్లిలో ఉండే నా స్నేహితురాలు సుజాత నంబరు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "సరితా, నాకు రావాల్సిన కోడ్ పొరపాటున నీకొచ్చింది. జర పంపవా?"

సుజాత వాట్సాప్ పొద్దున్నే ఎవడో కొట్టేశాడని నాకేం తెలుసు? నా ఫోనుకు నిజంగానే ఒక కోడ్ వచ్చింది. దాని కిందే "ఎవరికీ చెప్పకండి" అని రాసి ఉంది. సుజాత 'ఎవరో' ఎలా అవుతుందండీ? పంపేశాను. పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను!

మరుక్షణం నా వాట్సాప్ మూసుకుపోయింది. నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ ఫోను ఆపి మళ్లీ ఆన్ చేస్తున్నాను. వరండాలో అత్తమ్మ తన ఫోను చూసుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నారు.

"ఏమే సరితా, ఇంట్లనే ఉండి గిన్ని మెసేజ్‌లు వెడుతున్నవేందే?"

"నేనేం పెట్టలే అత్తమ్మా."

"మరి గీమె ఎవరు? నీ గులాబి చీర, నీ మొగమే గదా!"

చూశాను. నా పేరే. నా ఫోటోనే. దాని కింద 'టైపింగ్' అని వస్తోంది. ఇక్కడ నా వేళ్లు కదలడం లేదు, అక్కడ నేను టైపు చేస్తున్నాను! అద్దంలోని నా బొమ్మ నన్ను వదిలేసి తన పాటికి తాను జడ వేసుకుంటుంటే చూసినట్టయింది.

అంతలో ఆ రెండో సరిత మెసేజ్ పెట్టింది. "మీ ఫోన్‌కు ఒక కోడ్ వచ్చింది. అది పంపండి." అత్తమ్మ అప్పటికే అంకెలు కొట్టడం మొదలుపెట్టారు. గబుక్కున ఫోను లాక్కున్నాను.

"పంపుమనేది నువ్వే, గుంజుకునేది నువ్వే! పిచ్చి లేసిందానే?"

"గది నేను కాదత్తమ్మా!"

"నీ ఫోటువ ఉంది గదనే!"

ఇంతలో మార్కెట్ యార్డు నుంచి మా ఆయన ఫోను. "ఈడ పసుపు కాంటా నడుస్తుంటే నా ఆధార్ ఎందుకే నీకు? ఫోటో పంపిన. ఇప్పుడు కోడ్ గూడ వచ్చింది, పంపాల్నా?"

"పంపకుండ్రి! గది దొంగ!"

అవతలి నుంచి పసుపు బస్తా కన్నా బరువైన గొంతు. "గొంతులు గూడ దొంగలు తయారు జేస్తరని మా సరిత చెప్పింది. నువ్వు సరితవేనని నాకేం గ్యారంటీ?"

"అయ్యో! ఏమన్న అడుగుండ్రి, చెప్త."

"మన పెండ్లి తారీఖు చెప్పు."

చెప్పాను.

"గది కరెక్టో కాదో నాకెట్ల తెలుస్తది?"

పెళ్లిరోజు గుర్తులేని మొగుణ్ణి ఏమేం అనవచ్చో అవన్నీ ఊపిరి తీసుకోకుండా అనేశాను. మా ఆయన గొంతులో వెలుగొచ్చింది. "ఆఁ, నువ్వేనే! గిట్ల ఇంకెవ్వలు తిట్టరు." కోడ్ పంపకుండా ఆగారు.

ఆపైన చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసి, మా ఆయన ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేయించాను. నా నంబరుతో వాట్సాప్ మళ్లీ తెరిచి దొంగను బయటికి నెట్టి, ఇంట్లో అందరి వాట్సాప్‌లకూ పిన్ పెట్టాను.

గుండె కాస్త కుదుటపడ్డాక అత్తమ్మ దగ్గర కూర్చుని, "చూసిండ్రా, ఎంత మోసగాడో!" అన్నాను.

అత్తమ్మ నిట్టూర్చారు. "మోసగాడే గానీ, తిన్నరా, మందులేసుకున్నరా, జర రెస్ట్ తీసుకోండ్రి అని మస్తు మంచిగ అడిగిండే. ఇయ్యాల మా కోడలికేమైంది, గింత తియ్యగ మాట్లాడుతున్నదని అనుకున్న. గప్పుడే నాకు అనుమానం రావాల్సుండె!"

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఫోనుకొచ్చిన కోడ్‌ను సాక్షాత్తూ బ్రహ్మదేవుడే వచ్చి అడిగినా చెప్పను. అత్తమ్మతో తియ్యగా మాట్లాడతానని మాత్రం ప్రమాణం చేయలేను. మా ఇంట్లో నన్ను నేనుగా గుర్తుపట్టడానికి ఇక మిగిలిన ఆనవాలు నా పుల్లవిరుపు మాటొక్కటే!