తెల్లరంగు డబ్బా

"మంచం కిందకి ఇదెలా వచ్చింది నాన్నా?"

"పాతది. ఎప్పుడో ఎండిపోయింది."

"ఎండిపోతే మూత చుట్టూ ఈ తడేంటి? నాకు ముక్కు లేదనుకున్నావా?"

"తెలుపు ఒక్కటే కదమ్మా. చుక్క."

"చుక్కే. నలభై ఏళ్లు చుక్కచుక్కే పీల్చావు. డాక్టరు ఏమన్నాడో మళ్లీ చదివి వినిపించనా?"

తర్వాత కుట్టుమిషను చప్పుడు మొదలైంది. అక్కకి కోపం వస్తే మిషను రెండింతలు పరిగెడుతుంది. మా గదికీ వాళ్ల గదికీ మధ్య ఒంటి ఇటుక గోడ. వద్దన్నా అన్నీ వినిపిస్తాయి.

పక్కగది అక్క వాళ్ల నాన్నని నేను బాబాయ్ అంటాను. బోర్డులు రాసే పెయింటరు. దుకాణాలు, బస్సులు, స్కూళ్ల గేట్లు. స్కేలు పెట్టకుండా బారెడు గీత గీసేవాడు. ప్రింటు బోర్డులు వచ్చాక పని సగం పోయింది. మిగతా సగం ఊపిరితిత్తులు తినేశాయి. బోర్డులకి వాడే ఎనామిల్ నూనె రంగు వాసన ఇక తగలకూడదన్నాడు డాక్టరు. ఆ రోజు బాబాయ్ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. పిలిస్తే తిన్నాడు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానన్నాడు. అలా నాలుగు నెలలు. నేను కాలేజీ మానేసి గోడకి ఇవతల కూర్చున్నదీ అప్పుడే. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు.

ఐదో నెలలో అక్క నీళ్ల రంగుల పెట్టె, బొమ్మల కాగితాలు బిగించిన అట్ట తెచ్చి బాబాయ్ ఒళ్లో పెట్టింది. "వీటికి వాసనుండదు."

"పిల్లలాట," అన్నాడు. కానీ పెట్టె కింద పెట్టలేదు.

కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు బొమ్మ మొదలుపెట్టాడు. చేతికి ఒక్క పద్ధతే తెలుసు. ముందు ముదురు రంగు, ఆరాక దాని మీద లేత రంగు, అన్నిటికన్నా చివర తెలుపు. తప్పు పడితే ఆరనిచ్చి ఇంకో పూత. ఆయన రాసిన ఏ బోర్డు మీదా తప్పు కనిపించదు. అన్నీ అడుగునే ఉంటాయి. నీళ్ల రంగు దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. గ్లాసంతా బూడిదరంగు పూసి, మెరుపు కోసం పైన తెలుపు పెడితే అది కిందిదాంట్లో కరిగి బురదయ్యేది. ఇంకో పూత వేసేవాడు. కాగితం నూలుపోగుల్లా లేచి చిరిగేది. పదహారు గ్లాసులు అలాగే పోయాయి. పదిహేడో దానికి దొంగచాటుగా ఎనామిల్ తెలుపు అద్దాడు. భలే మెరిసింది. తెల్లారేసరికి దాని చుట్టూ నూనె మరక పాకింది. దగ్గు కూడా తిరగబెట్టింది.

ఫోన్లో చూసి నేనే చెప్పాను. "తెలుపు వెయ్యకూడదంట బాబాయ్. అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యాలంట."

"వదిలెయ్యడం ఏం పనిరా, డిగ్రీ? అది నీకు అలవాటు, నాక్కాదు."

డిగ్రీ అంటే నేనే. పూర్తి చెయ్యలేదు కదా, అందుకు.

ఇవాళ పొద్దున ఆ గొడవయ్యాక అక్క మంచం కింది డబ్బా తీసి చెత్తబుట్ట పక్కన పెట్టింది. మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అది మళ్లీ బాబాయ్ కాలి దగ్గరే ఉంది. అట్ట మీద కొత్త గ్లాసు. ఎడమ అంచున బియ్యపు గింజంత చోట రంగు తగల్లేదు. అక్కడ వెలుతురు పడినట్టే ఉంది.

"కుదిరింది బాబాయ్."

"ఏమో. నాకేం అనిపించట్లేదు." మొహంలో నిజంగానే ఏమీ లేదు. కుడిచేతిని మాత్రం మోకాళ్ల మధ్య బిగించి పెట్టుకున్నాడు. "ఇదే ఊరుకోవట్లేదు. అక్కడ కాస్త తెలుపు పెట్టు, పెట్టు అంటోంది."

మిషను ఆగింది. అక్క తలెత్తలేదు, దారం తెంపింది.

బాబాయ్ డబ్బాని కాలితో నావైపు నెట్టాడు.

"దీన్ని పట్టుకుపో. నీ గదిలో వద్దు, గోడ ఇవతలికి వాసనొస్తుంది. దూరంగా ఎక్కడైనా పడెయ్. రేపు నేనే వచ్చి అడుగుతాను. తిడతాను కూడా. ఎక్కడ పడేశావో మాత్రం చెప్పకు."