కోడిలో ఇంగువ

డాక్టరు మందుల చీటీని వెనక్కి తిప్పి గుండ్రంగా ఒక గీత గీశాడు. దాన్ని మూడు ముక్కలు చేసి, సగంలో కూరగాయలు, పావులో కొర్రన్నం, పావులో తోలు తీసిన కోడి రొమ్ము అని రాశాడు. ఇకమీద నా రాత్రి భోజనం ఇదేనట, ఒకే గిన్నెలో. నేను భూముల సర్వే ఆఫీసులో పనిచేస్తాను. ఇరవై ఐదేళ్ళుగా ఇలాంటి బొమ్మలే గీసి అన్నదమ్ముల మధ్య తగవులు పెడుతున్నవాణ్ణి. ఒకరోజు నా పొట్టనే సబ్‌డివిజన్ చేస్తారని అనుకోలేదు.

హోటలు తిండి పూర్తిగా మానెయ్యాలని, ఈ చీటీ ఇంట్లో వాళ్ళకి చూపించమని చెప్పాడు.

చూపించడం పెద్ద కష్టం కాదు. ఇంట్లో వాళ్ళంటే నేనే. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళ కోసం ఒకప్పుడు రెండు మూడు కారణాలు సిద్ధంగా పెట్టుకునేవాణ్ణి. కొన్నేళ్ళుగా ఎవరూ అడగడం లేదు. కారణాలు మాత్రం నలగకుండా అట్లే ఉన్నాయి.

కష్టమల్లా గదితోనే. తిరుపతిలో నేనుండేది ఒక వైష్ణవ పెద్దాయన మిద్దె మీద. తిరుమల గుడి పోటులో, అంటే స్వామివారి వంటశాలలో, ముప్పై ఏళ్ళు పనిచేసి కొండ దిగివచ్చిన మనిషి. గది ఇచ్చేటప్పుడు ఒకటే షరతు పెట్టినాడు. కోడి, గుడ్డు, చేప ఈ గడప దాటకూడదు, బయట ఏం తింటావో నీ ఇష్టం. నేను పుట్టింది కార్వేటినగరం పక్క పల్లెలో, కోడికూర ఉడకకపోతే ఆ రోజు ఆదివారం కాదనుకునే ఇంట్లో. అయినా సరేనన్నాను. నాలుగేళ్ళు మాట తప్పలేదు.

అది భక్తి అనుకుంటే పొరపాటు. రోజూ ఏడింటికి పెద్దాయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చేవాడు. నేను గదిలో చేరేనాటికే ఆయన భార్య పోయి రెండేళ్ళు. మిద్దె మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. ఎదురుగా ఘాట్ రోడ్డు దీపాలు వెలిగేవి. ఏ మలుపులో ఎప్పుడు ఏ బస్సు మొరాయించిందో ఆయన చెప్పేవాడు. ఏ సర్వే నంబరు గట్టు మీద ఎవరు ఎవరి తల పగలగొట్టారో నేను చెప్పేవాణ్ణి. అరగంటయ్యాక, సాపాటు అయిందా అని అడిగి, జవాబు కోసం చూడకుండా దిగిపోయేవాడు. గట్టు తగవు లేకుండా నాతో ఒక మనిషి మాట్లాడేది రోజు మొత్తంలో ఆ అరగంటే.

గది మారొచ్చు. తిరుపతిలో కోడి వండుకోనిచ్చే గదులు లేక కాదు. ఆ గదులకి ఏడింటికి మెట్లెక్కి వచ్చే మనిషి ఉండడు. అందుకని దొంగతనంగా వండుకుందామని నిర్ణయించుకున్నాను.

మూడు వీధుల అవతల కోళ్ళ అంగడికి పోయాను. తోలు వద్దు, ఎముక వద్దు, కొవ్వు వద్దు అన్నాను.

“ఇంక కోడి యాడుంటాది సార్?” అని అంగడతను జాలిపడినాడు.

ఆ మిగిలినదాన్ని ఆఫీసు సంచిలో, పటాల కాగితాల మధ్య పెట్టుకుని తెచ్చాను. ఆరింటికే కిటికీ మూసి పొయ్యి వెలిగించాను. బీన్సు, క్యారెట్, సొరకాయ ఆవిరికి పెట్టాను. కోడిముక్కలకి ఉప్పు, పసుపు, మిరియాలపొడి పట్టించి, చెంచాడు నూనెలో మూతపెట్టి మగ్గనిచ్చాను. వెల్లుల్లి జోలికి పోలేదు, అది పట్టించేస్తుంది. దాని బదులు ఇంగువ వేశాను, చిటికెడు కాదు, ధారాళంగా. ఇంగువ ఘుమఘుమలాడే ఇంట్లో కోడి ఉంటుందని ఎవరికీ అనుమానం రాదని నా ధీమా. పోటులో నైవేద్యం కాకముందు వంట వాసన కూడా చూడకూడదు. ముప్పై ఏళ్ళు అట్లా వాడకుండా దాచుకున్న ముక్కు ఒకటి కింది ఇంట్లో ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

రుచి సంగతంటారా, ఆరోగ్యంగా ఉండింది. ఆరు నిమిషాల్లో అయిపోయింది.

రెండు వారాలు ఇట్లే గడిచాయి. పెద్దాయన పైకి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. ఒక్క విచిత్రం, అరగంట కూర్చునే మనిషి గంట కూర్చోవడం మొదలుపెట్టాడు. నా కబుర్లలో పస పెరిగిందనుకున్నాను.

ఒక గురువారం ఆయన ఆరున్నరకే వచ్చాడు. చేతిలో స్టీలు పళ్ళెం ఉంది.

“ఏం చేసినావప్పా? నాకూ ఒక ముద్ద పెట్టు.”

గిన్నె నా చేతిలోనే ఉంది, పొగలు కక్కుతూ. అయిపోయిందని చెప్పడానికి లేదు. పైపైన బీన్సు ఏరి పెట్టేద్దామా అని ఒక క్షణం తోచింది. ఆ క్షణం గురించి నేను ఎక్కడా గొప్పగా చెప్పుకోను.

“ఇందులో కోడి ఉండాది స్వామీ” అన్నాను.

ఆయన చాపిన పళ్ళెం వెంటనే వెనక్కి తీసుకోలేదు. ఎన్నాళ్ళ నుంచని అడిగాడు. చెప్పాను.

“మరి ఇంగువ ఎందుకేసినావు?”

“మీకు తెలీకూడదని.”

పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు చీటీ తెచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, బొమ్మ బాగుందన్నాడు. చీటీ మడిచి నా చేతికిచ్చాడు.

“మా ఇంటామె పోయినాక కింద పొయ్యి మీద ఇంగువ పడలేదు” అన్నాడు. “నాకు వండబుద్ధి కాదు, పెరుగన్నం కలుపుకుంటాను. ఈ రెండు వారాలు సాయంత్రమయితే కిటికీ తెరుచుకోని కూర్చుంటా ఉన్నాను. పైన ఆమే వండతా ఉన్నట్టు ఉండేది.”

గది ఖాళీ చేస్తానన్నాను. వద్దని చెయ్యి ఊపాడు.

“డాక్టరు చెప్పినాక నేనెవర్ని? వండుకో. ఇంగువ మాత్రం ఎయ్యొద్దప్పా.”

దిగిపోయాడు. ఆ రోజు సాపాటు సంగతి అడగలేదు.

ఇప్పుడు దాపరికం లేకుండా వండుకుంటున్నాను, వెల్లుల్లి కూడా వేసుకుని. నేను పొయ్యి వెలిగించిన కాసేపటికి కింద కిటికీ మూసుకుంటుంది. కోపంగా కాదు, నెమ్మదిగానే మూస్తాడు. ఏడవుతుంది, మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడదు. రెండో కుర్చీ మీద నా తువ్వాలు ఆరేస్తున్నాను. మొన్న రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు సంబరపడిపోయాడు. ఏం చేస్తున్నారో అదే చేస్తూ పొమ్మన్నాడు.

పోయిన బుధవారం కొత్త మూకుడు, కొత్త గిన్నె కొన్నాను. కోడి బదులు మీల్‌మేకర్ వేసి, కూరగాయలతో వండి, గిన్నె పట్టుకుని మెట్లు దిగాను. ఆయన తలుపు దగ్గరగా వేసి ఉంది.

“ఈ రోజు కోడి లేదు స్వామీ. గిన్నె కూడా కొత్తది. పైకి వస్తారా?”

లోపల కుర్చీ కదిలిన చప్పుడయింది. తలుపు తెరుచుకోలేదు.

“తిను నాయనా” అన్నాడు, ఎప్పటి గొంతుతోనే. “చల్లారిపోతాది.”

కాసేపు అక్కడే నిలబడినాను. తర్వాత పైకి వచ్చి, రెండో కుర్చీ మీది తువ్వాలు తీసి మడతపెట్టి, పక్కన నా కుర్చీలో కూర్చుని తిన్నాను.