అట్ట ఉన్నది ఆపేతందుకు

మా పెయింటరన్న పోయారని ఆయన కొడుకు మొన్న శుక్రవారం పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ చేసి చెప్పాడు. సౌదీలో రాబిగ్ దగ్గర మా చిన్న కంపెనీ యార్డులో పదకొండేళ్లు బోర్డులు రాసి, రెండేళ్ల కిందట ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయిన మనిషి. సేఫ్టీ ఆఫీసులో ఏసీ కింద కూర్చునే నేను కాగితాల్లో ఆయనకు పైవాడిని. నేర్చుకున్నది మాత్రం నేనే.

ఊళ్లో సినిమా బోర్డులు వేసిన చెయ్యి ఆయనది. ఒకసారి రియాద్ వెళ్లి, బతా బజార్లో ఓ పాత సామాన్ల కొట్టు నుంచి అమెరికా డిటెక్టివ్ పత్రికల కట్ట మోసుకొచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం నాటివి. అట్టల మీద వెనకంతా పసుపు రంగు, ఫ్యాక్టరీ గేటు దగ్గర నక్కిన గూఢచారి, టోపీ నీడలో కళ్లు కనబడని డిటెక్టివ్. ఆడవాళ్ల భుజాలు కనబడకుండా సెన్సారు వాళ్లెవరో నల్ల సిరా పూశారు.

"పూసినోడు గూడ పనోడే సారూ, అంచు దాటనియ్యలే," అని నవ్వేవారు.

ఇంగ్లీషు రాదు కనుక కథలు నన్ను చదివి చెప్పమనేవారు. తీరా చదివితే అట్ట మీది గూఢచారి లోపల ఎక్కడా ఉండడు. ఇది మోసం కదన్నా అంటే, "కథ లోపటికొచ్చినోనికి సారూ. అట్ట ఉన్నది పోయేటోన్ని ఆపేతందుకు," అన్నారు. అప్పుడు ఊరికే తలూపాను.

ఆ ఏడాదే యార్డులో ఒకతను ట్యాంకులోకి దిగి స్పృహ తప్పాడు. అతన్ని తీయబోయి, అక్కడే పనిచేసే పెయింటరన్న బావమరిది కూడా దిగాడు, మళ్లీ పైకి రాలేదు. గ్యాస్ పరీక్ష కాకుండా దిగొద్దని మూడు భాషల బోర్డు పక్కనే ఉంది. అందులోని మాటలన్నీ నావే. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

పదిహేను రోజులకు ఆయనే వచ్చారు. "ఉరికేటోడు చదువుతడా సారూ?" అని, కొత్త బోర్డు వేశారు. వెనక అదే పసుపు రంగు. ట్యాంకు మ్యాన్‌హోల్‌లోకి సగం దిగిన మనిషి. వెనక నుంచి అతని భుజం పట్టుకున్న ఒక చెయ్యి.

మతం ఒప్పుకోదు, మనిషి బొమ్మకు ముఖం ఉండకూడదని మేనేజర్ అడ్డుపడ్డాడు. పెయింటరన్న వాదించలేదు. హెల్మెట్ నీడ కిందికి దించి కళ్లు, ముక్కు కప్పేశారు, అచ్చం ఆ డిటెక్టివ్‌లకు మల్లే. అది కూడా వద్దంటే నేను రాజీనామా చేస్తానన్నాను. జీవితంలో నేను గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత అక్కడ పరీక్ష కాకుండా ఎవరూ దిగలేదు. మనవాళ్లైనా బంగ్లాదేశ్ వాళ్లైనా ముందు బొమ్మ దగ్గర ఆగేవారు.

ఒకరోజు బ్రష్షులు కడుగుతుంటే అడిగాను, ఆ చెయ్యి ఎవరిదన్నా అని.

"నాదే. ఆ దినం నేను జెద్దాకు పోయిన. ఈడుంటె గుంజకపోదునా సారూ?"

మొన్న ఆయన కొడుకు ఫోన్ పెట్టేశాక యార్డుకు వెళ్లాను. సెలవు, ఎవరూ లేరు. ఎండకు పసుపు వెలిసిపోయింది, మనిషి మసకబారాడు. చెయ్యి మాత్రం కొత్తగా ఉంది. ఎవరో పైపులకు పూసే రెడాక్సైడ్‌తో దాన్ని మళ్లీ దిద్దారు. వేళ్లు వంకరగా వచ్చాయి, రంగు ఇంకా తడిగా ఉంది.