రేడియోలో చచ్చిన కపెంబ్వా, కుండెక్కిన చిలేక్వా

చిలెంజే పేటలో కుళాయి దగ్గర నిలబడే ఆడవాళ్ళంతా ఒకే మాట చెబుతారు. ముంకోయో గంజి అమ్ముకునే చిలేక్వాకు కపెంబ్వా మీద ఎప్పట్నుంచో కన్నుందట. అందుకే అతను చచ్చిపోయాడని రేడియోలో పలికిందట. ఊళ్ళోవాళ్ళు అతని పెళ్ళాన్ని ఇంకొకడికి కట్టబెట్టేస్తే తనకు దారి దొరుకుతుందని ఎత్తు వేసిందట. చెప్పేవాళ్ళు కళ్ళు పెద్దవి చేసి చెబుతారు, వినేవాళ్ళు బిందె పొర్లిపోతున్నా కుళాయి కట్టరు.

రేడియోలో పలికిన మాట నిజమే. మిగతాదంతా కుళాయి కింద పుట్టి, అక్కడే పెరిగి, ఇప్పుడు లుసాకా అంతా తిరుగుతోంది. అసలు జరిగింది ఇది.

తండ్రి పోయాక పుట్టిన బిడ్డకు చిలేక్వా అని పేరు పెడతారు. ఆమె పుట్టింది కసామా దాటాక వచ్చే ముసేలే ఊళ్ళో. తల్లి మేకలవాళ్ళ ఆడపడుచు కాబట్టి ఈమెదీ మేకల వంశమే. కపెంబ్వాది అదే ఊరు, చిరుతల వంశం. చిరుత మేకను తింటుంది కదా, అందుకని ఆ రెండు వంశాల వాళ్ళకూ తాతల నాటి నుంచి మేలమాడుకునే వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, పళ్ళెంలోది లాక్కోవచ్చు, కట్టుకున్న గుడ్డ గుంజుకోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు నలుగురిలో నవ్వులపాలై, కోడినిచ్చి చేతులు కట్టుకోవాలి. మళ్ళీ ఒక వంశంలో మనిషి పోతే గొయ్యి తవ్వేదీ పూడ్చేదీ ఆ రెండో వంశం వాళ్ళే. ఆ పని వేరెవరూ ముట్టుకోరు.

చిన్నప్పుడు కపెంబ్వా ఆమె చేతిలోని గొంగళిపురుగుల వేపుడు లాక్కుని తినేవాడు. "చిరుత ఎదురుగా ఉంటే మేకకు ఆకలేంటే?" అనేవాడు. ఆమె అతని చాపమీద నీళ్ళు కుమ్మరించి, "చిరుత పక్క తడిపిందర్రో!" అని ఊరంతా చాటేది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అతను కసోండేను పెళ్ళాడి, ఆమెను ఊళ్ళో ఉంచి, లువాన్షా గనుల్లోకి పనికి పోయాడు. చిలేక్వా తాపీమేస్త్రీని చేసుకుని లుసాకా వచ్చింది. ఆ మేస్త్రీ జ్వరమొచ్చి పోయాడు. చుట్టాలు ఊరికి రమ్మన్నారు. "ఇక్కడ ఇల్లు కట్టించుకున్నాను, ఇక్కడే ఉంటాను," అంది. అంది కాబట్టి ఉంది.

ముంకోయో వేళ్ళు దంచి, జొన్న గంజిలో వేసి, పులియబెట్టి, ఆ కుండలు నెత్తిన పెట్టుకుని రేడియో కేంద్రం గేటు దగ్గర కూర్చునేది. పాటలు పాడడానికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవాళ్ళు. గొంతు తడుపుకోవాలంటే ఆమె దగ్గరకే రావాలి, వచ్చినవాళ్ళు ఆమె నోట పడకుండా పోయేవాళ్ళు కాదు. మన బెంబా భాషలో వార్తలు చెప్పే మలామా ఆ నవ్వులన్నీ కిటికీలోంచి విని, ఒకరోజు ఆమెను లోపలికి పిలిచాడు.

"శనివారం కబుర్లలో నువ్వూ మాట్లాడాలి చిలేక్వా."

"ఏం మాట్లాడను నాయనా?"

"కుండ దగ్గర మాట్లాడేదే మాట్లాడు."

"అది మాట్లాడితే నీ ఉద్యోగం ఊడుతుంది."

ఊడలేదు సరికదా, ఆమె గొంతు కోసమే శనివారం కోసం ఎదురుచూసేవాళ్ళు తయారయ్యారు. నీలం రంగు గిన్నె బోర్లించినట్టుండే ఆ చిన్న రేడియోలు అప్పుడప్పుడే ఊళ్ళకు చేరుతున్నాయి. రేడియోవాళ్ళు తెల్లవాళ్ళకు మనుషుల రక్తం పట్టి ఇస్తారని భయపడేవాళ్ళు కూడా, చిలేక్వా మాట్లాడుతోందంటే తలుపు సందులోంచి చెవి పెట్టేవాళ్ళు.

అలా ఉండగా కపెంబ్వా సైకిలు కొన్నాడు. కొన్న వారంలోనే దానిమీంచి పడి కాలు విరగ్గొట్టుకుని లువాన్షాలో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ కబురు చెవిన పడ్డాక చిలేక్వా నోరు ఊరుకుంటుందా? శనివారం మైకు ముందు కూర్చుని అందుకుంది.

"మేకలవాళ్ళూ, మీరంతా బతికిపోయారు! ముసేలే కపెంబ్వా చచ్చాడు. చిరుత చచ్చింది. గొయ్యి తవ్వడానికి నేనే వస్తాను, లోతుగా తవ్వుతాను, మళ్ళీ పైకి రాకుండా. నాలుగు కాళ్ళ జంతువుకు రెండు చక్రాల మీద ఊరేగాలని బుద్ధి పుడితే ఇలాగే అవుతుంది! ఒరేయ్ కపెంబ్వా, ఆసుపత్రి మంచం మీద వింటున్నావా, ఆ సైకిలు నాకు పంపు, మా మేకలకిస్తాను."

ఆసుపత్రిలో రోగులు మంచాలు పట్టుకుని నవ్వారు. కపెంబ్వా కట్టుకట్టిన కాలు ఊపి మరీ నవ్వాడు.

ముసేలేలో మాత్రం వేరే జరిగింది. ఊరంతటికీ రేడియో ఒక్కటే, అది కపెంబ్వా మేనమామ యాంబా పెద్దాయనది. దాని బ్యాటరీ అయిపోతే కసామా దాకా పోయి తేవాలి, అదీ ఉంటేనే. అందుకని ఆయన దీపంలో నూనె చూసుకున్నట్టు చూసుకునేవాడు. చావు కబుర్లు చెప్పే వేళకు తిప్పేవాడు, చెవికి తగిలింది చాలనుకోగానే కట్టేసేవాడు. ఆ శనివారం ఆయన తిప్పేసరికి, ముసేలే కపెంబ్వా చచ్చాడు, చిరుత చచ్చింది, గొయ్యి తవ్వడానికి వస్తున్నానంటూ మేకలవాళ్ళ ఆడమనిషి గొంతు వినిపించింది. ఆయన వెంటనే మీట కట్టేశాడు. సైకిలు మాట పెట్టెలోనే ఉండిపోయింది.

ఎదురుగా నిలబడి అంటే ముఖం చూసి నవ్వేవాడే. ఆ పెట్టెకు ముఖం లేదు. పైగా గొయ్యి తవ్వాల్సిన వంశమే వచ్చి చెప్పాక అనుమానం ఎందుకొస్తుంది? గనుల్లో పోయినవాణ్ణి అక్కడే పూడ్చేస్తారని శవం కోసం ఎవరూ ఆగలేదు, ఊరంతా గుండు చేయించుకుంది. శోకమున్న ఇంట పాటలు వినిపించకూడదని యాంబా రేడియోను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

ఉత్తరం నుంచి వచ్చిన లారీ డ్రైవరు చిలేక్వా దగ్గర ముంకోయో తాగుతూ అడిగాడు. "ఇక్కడ కూర్చున్నావేంటమ్మా? అక్కడ నీ చిరుత కోసం ఏడుపులు మిన్నంటుతుంటే గొయ్యి తవ్వుతానన్న మేక ఏదీ అని వెతుకుతున్నారు. రాగులు మొలకెత్తించారు కూడా."

చిలేక్వా చేతిలోని సొరకాయ బుర్ర కింద పెట్టేసింది. రాగులు మొలకెత్తించారంటే కల్లు పెడుతున్నారని. ఆ కల్లు దిగాక, చచ్చినవాడి పేరూ విల్లంబులూ పెళ్ళామూ వారసుడికి పోతాయి. వారసుడంటే మేనల్లుడు సంపా. ఆ కుర్రవాడికి కసోండే మీదకంటే కపెంబ్వా పొలం మీద తొందరెక్కువ. మామూలుగా ఏడాది ఆగేవాళ్ళు, సంపా ఆగనిచ్చే రకం కాదు. బతికున్నవాడి పెళ్ళాం ఇంకొకడిదైపోతుంది. తన నోటివల్ల.

కుండ అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. మలామా విని నెత్తి పట్టుకున్నాడు. ఆ పూటే చదివాడు, మర్నాడూ చదివాడు: కపెంబ్వా బతికే ఉన్నాడు, అది మేలమాడిన మాట. గుడ్డలో చుట్టిన పెట్టె ఏం పలుకుతుంది?

"ఇంకో మాట చదువు," అంది చిలేక్వా. "కపెంబ్వా, ఊళ్ళో నువ్వు చచ్చావట, కుంటుకుంటూ అయినా సరే తొందరగా రా, అని. అది ఆసుపత్రిలో వినపడుతుంది."

"అతను వచ్చేదాకా ఆగు మరి."

"కల్లు ఆగుతుందా?" అని ఆమె, ఉత్తరానికి తిరిగిపోతున్న ఆ లారీ ఎక్కేసింది.

ముసేలేలో అడుగు పెడుతూనే అరిచింది. "ఏడుపులు ఆపండి! కపెంబ్వా చావలేదు!"

ఏడుస్తున్నవాళ్ళు ముక్కు తుడుచుకుని నవ్వారు. యాంబా కూడా నవ్వాడు. "రావే మేకా, నీ కోసమే చూస్తున్నాం."

"పెద్దాయనా, నిజంగా చెబుతున్నాను. కాలు విరిగింది, అంతే."

"అవునవును. మా అన్న పోయినప్పుడు మీ అమ్మమ్మ, 'చావలేదు, బద్ధకంతో పడుకున్నాడు, కర్రతో పొడవండి' అంది. ఆ వంశం నోరు ఎక్కడికి పోతుంది?"

చావింట మేలమాడే వంశం చేసే పనే అది. చచ్చినవాడు చావలేదనడం, ఏడ్చేవాళ్ళను నవ్వించడం. ఆమె ఒట్టేసింది, ఇంకా నవ్వారు. కన్నీళ్ళు పెట్టుకుంది, బాగా ఏడుస్తోందని మెచ్చుకున్నారు. చిరుతలవాళ్ళ ముందు మేక చెప్పే నిజం కూడా వేళాకోళమే అయి కూర్చుంది.

కసోండే గుండుతో, నుదుటికి నారపట్టీ కట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చిలేక్వా వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది.

"వదినా, నువ్వు చిరుతల పిల్లవు కావు. నీకూ నాకూ మేలమాడే వరస లేదు. నీతో ఎప్పుడైనా పరాచికమాడానా?"

"లేదు."

"అయితే విను. నీ మొగుడు బతికే ఉన్నాడు. చచ్చాడని వాగింది నేనే."

కసోండే ఆమె చెయ్యి పట్టుకుంది. "నా మాట ఎవరు వింటారు వదినా? ముండమోసినదాన్ని. కల్లు రేపు వడకడతారు."

"వడకట్టేది ఎవరో నేనూ చూస్తాను."

తెల్లారేసరికి చిలేక్వా కల్లు పాకలో ఉంది. గుమ్మానికి అడ్డంగా ఉన్న పెద్ద కుండ మీద పలక వేసుకుని, దానిమీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. లోపల మిగతా కుండలు. వాటిని ముట్టాలంటే ఆమెను దాటాలి.

ముందు అందరికీ నవ్వొచ్చింది. చావు కల్లుకు మేలమాడే వంశం వాళ్ళు అడ్డం పడడం, ఏదో ఒకటి పుచ్చుకుని లేవడం ఉన్నదే. యాంబా కోడిని తెచ్చాడు.

"పుచ్చుకుని లే తల్లీ."

"నాకొద్దు."

గుడ్డ తెచ్చారు. వద్దంది. మేకను తోలుకొచ్చారు.

"మా చుట్టాన్నే తెచ్చి నాకు లంచమిస్తారా?" అంది.

సంపాకు నవ్వు ఆగిపోయింది. "దీన్ని లాగి అవతల పారేయండి!"

"లాగరా, నువ్వే లాగు," అంది చిలేక్వా. "కోపమొచ్చిందని ఊరంతా చూస్తుంది. చిరుత మేకమీద కోపం తెచ్చుకుందని పాట కట్టి రేడియోలో పాడతాను. నీ పేరు, నీ ఊరు పేరు, అన్నీ చెబుతాను."

సంపా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. యాంబా గొంతు తగ్గించి, "ఎంతసేపు కూర్చుంటావమ్మా?" అన్నాడు.

"చచ్చినవాడు వచ్చి లేపేదాకా."

అదీ మేలమే అనుకున్నారు. కానీ ఎండెక్కినా ఆమె లేవలేదు. పొద్దు వాలినా లేవలేదు. నడుం పట్టేసింది, కాళ్ళు మొద్దుబారాయి. కసోండే వచ్చి అందరూ చూస్తుండగానే రాగి సంకటి ముద్ద, పల్లీల పులుసు ఆమె ముందు పెట్టింది. విధవరాలు మేలమాడే మనిషికి అన్నం పెట్టడమేంటని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. కసోండే ఎవరికీ జవాబు చెప్పలేదు. మళ్ళీ తెచ్చింది, మళ్ళీ పెట్టింది. ఆమెను ఆనుకుని చిలేక్వా కునుకు తీసేది, ఎవరైనా అడుగు వేస్తే కళ్ళు తెరిచేది.

రాగి కల్లు ఎవరి కోసమూ ఆగదు. వేళకు తాగకపోతే విరిగిపోతుంది. పాకలోంచి పుల్లటి కంపు మొదలైంది. ఆ కంపు వీధిదాకా వచ్చినరోజు యాంబా వచ్చి, ఆమె పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, వేలు ముంచి నాకి, ఉమ్మేశాడు.

"పోయింది," అన్నాడు.

అప్పుడు చిలేక్వా లేవబోయింది. కాళ్ళు నిలవలేదు. కసోండే చంకల కింద చేతులు వేసి లేపింది.

సంపా మళ్ళీ రాగులు నానబెట్టమన్నాడు. నానబెట్టారు. అవి మొలక తొడగకముందే చెరువు వైపు రోడ్డు మీద లారీ ఆగింది. చంకలో కర్ర పెట్టుకుని కపెంబ్వా దిగాడు. పిల్లలు కేకలు పెట్టి పారిపోయారు, యాంబా దయ్యమనుకుని గుప్పెడు బూడిద గాల్లోకి చల్లాడు.

"గోతిలో నిద్ర బాగా పట్టిందా?" అంది చిలేక్వా.

"మేక కూర్చున్న కల్లు మనుషులు తాగుతారా? అందుకే నెమ్మదిగా వచ్చాను," అన్నాడు కపెంబ్వా.

చిరుతలవాళ్ళు నవ్వారు. ఈసారి ఆ నవ్వు వేరు. అతను కుంటుకుంటూ కసోండే దగ్గరకు పోయి, ఆమె నుదుటి నారపట్టీ విప్పాడు. చిలేక్వా పాక వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆమె మళ్ళీ లుసాకా వచ్చింది, మళ్ళీ గేటు దగ్గర కుండ దించింది. శనివారం మైకు ముందు కూర్చోవడమూ మానలేదు. కాకపోతే ఎవరిని చంపాలన్నా ముందు, "వీడు బతికే ఉన్నాడు, వినేవాళ్ళు పెట్టె కట్టకండి," అని మొదలుపెట్టేది.

ఈలోగా కుళాయి దగ్గర కథ పెరుగుతూ పోయింది. పక్కింటి బూపే వాళ్ళమ్మకు ఎవరింట ఏం ఉడుకుతోందో తెలియనిదే ముద్ద దిగదు. ఒకరోజు పీట లాక్కుని చిలేక్వా పక్కన కూర్చుని, తానూ రెండు ముంకోయో వేళ్ళు తీసుకుని దంచుతూ అడిగేసింది.

"ఏమే చిలేక్వా, అందరూ అనుకునేదే నేనూ అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. కపెంబ్వా నీక్కావాలనిపించిందా లేదా?"

చిలేక్వా రోకలి ఆపలేదు.

"కావాలనుకుంటే అన్ని రోజులు ఆ కుండ మీద కూర్చోవడమెందుకే పిచ్చిదానా? లేచి నిలబడితే సరిపోయేది."