సైగోను దళారి వాకిలి తలుపు

మోసపోయినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లంటే నాకు జాలి. కాని మోసగాడికి తన టేకుతో, తన ఉలితో తలుపు చేసిపెట్టి, వాడు లోపల గడియ వేసుకుని కూర్చుంటే బయట నిలబడి ఆ తలుపుకి కాపలా కాసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. అది నేనే. తీరిగ్గా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరల కాలమది. నాకు మీసం కొత్తగా వచ్చింది, దాంతోపాటే పొగరూ వచ్చింది. మా మామ వరదాచారి దగ్గర వడ్రంగం నేర్చుకున్నాను. చెయ్యి కాస్త కుదిరిందో లేదో, "ఇంక నీ కింద చెయ్యను మామా. సొంతంగా పనులు ఒప్పుకుంటా" అన్నాను. మామ చిత్రిక పట్టడం ఆపలేదు.

"సరి, పోయి చేసుకో. పని ఎట్టాంటిదో చూడొద్దు, ఇచ్చేవాడు ఎట్టాంటోడో చూడు" అన్నాడు.

మనిషిని చూసి పని ఒప్పుకోవడం చేతకానివాళ్ల లక్షణమని నాకప్పుడు గట్టి నమ్మకం.

అదృష్టం కూడా నా పొగరుకి తోడొచ్చింది. కాలువకి అవతల, తెల్లదొరలుండే వీధిలో ఒక ముసలి దొరసాని తన మేడకి కొత్త కిటికీ తలుపులు చెయ్యమని నన్ను పిలిచింది. వానలు పట్టేలోగా పూర్తి చెయ్యాలి. అది సవ్యంగా చేస్తే ఆ వీధిలో పనులన్నీ నావే. చెడగొట్టుకుంటే మళ్లీ మామ కింద రంపం లాగుతూ బతకాలి. మూడో దారి నాకు లేదు. ఆస్తి అంటారా, మా నాన్న పోతూ నాకు వదిలిన టేకు దూలం ఒకటుంది. నా సొంత కొట్టు పెట్టిన రోజున దానికి ముహూర్తం పెడదామని దాచుకున్నాను.

సరిగ్గా అప్పుడే సింగారం దిగాడు. పంచె మీద నల్లకోటు, ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు. తనని అందరూ 'ముస్సే' అని పిలవాలి. అంటే దొరగారని. ఏ దొరా వాణ్ణి అలా పిలిచినట్టు నేను వినలేదు కాని, నేను మాత్రం నోరారా పిలిచాను. సముద్రం అవతల సైగోనులో ఫ్రెంచివాళ్లు కట్టిస్తున్న బంగళాలకి మన ఊరినుంచి పనివాళ్లని ఓడెక్కించే దళారి వాడు. అంటే వాడలా చెప్పుకున్నాడు.

"కన్నయ్యా, నీ పనితనం గురించి విన్నా. ఈ ఊరు నీకు చాలదు" అన్నాడు.

ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఒకరు గుర్తించినందుకు సంతోషించాను.

"సైగోనుకు పోవాలంటే దళారికి ఏమైనా ఇచ్చుకోవాలంటారే ముస్సే" అన్నాను తెలివిగా.

వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. "రామ రామ. కాసు ముట్టేవాణ్ణి కాదబ్బా నేను. దొరలకు పనితనం చూపించాల, అంతే."

"యాడ చూపించేది?"

"ముత్యాలపేటలో నేనొక ఇల్లు కట్టుకుంటా ఉండా. దానికి వాకిలి తలుపు చెయ్యి. సైగోను దొర వచ్చి చూస్తాడు, మెచ్చుకుంటాడు, నువ్వు ఓడెక్కుతావు."

"టేకు?"

"మంచి కొయ్య ఏరుకునేదానికి కన్నుండాల. అది గూడా పరీక్షే కదా తంబీ."

ఇంటికొస్తూ దారంతా నన్ను నేను మెచ్చుకున్నాను. డబ్బడిగే దళారులకి డబ్బిచ్చి చెడినవాళ్లు ఊళ్లో ఉన్నారు. నేను దమ్మిడీ ఇవ్వకుండా సైగోను కొట్టేస్తున్నాను. ఇచ్చేది నాన్న దూలం, నా రెక్కల కష్టం మాత్రమే. అవి డబ్బు కావుగదా అనుకున్నాను. ఇలాంటి బుర్రని మెడ మీద మోసుకు తిరిగిన మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ అసహ్యం వేస్తుంది.

సింగారం ఇంకో మాట కూడా చెప్పాడు. "ఓడెక్కేదాకా ఎవురికీ చెప్పొద్దు. దిష్టి తగులుతుంది. ఒక్కడికే చోటుండాది, అది నీకే."

మా మామకి కూడా చెప్పలేదు. దొరసానికి మాత్రం, "నేను ఊళ్లో ఉండనమ్మా, ఇంకెవరినైనా చూసుకోండి" అని వచ్చేశాను. ఆవిడ ఫ్రెంచిలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. మెచ్చుకోలు మాత్రం కాదని ఆవిడ మొహమే చెప్పింది.

ముత్యాలపేటలో పని మొదలైంది. అక్కడ గోడలు కడుతున్నవాడు మునుస్వామి అని, బాహూరు నుంచి వచ్చిన మేస్త్రి. పైన పెంకు పరిచేవాడు ఒకడు, సున్నం వేసేవాడు ఒకడు. వీళ్లని చూస్తే నాకు జాలి వేసేది. పాపం, ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే పోతారు. విచిత్రమేమంటే వాళ్లు కూడా నన్ను అలాగే జాలిగా చూసేవాళ్లు.

"ఏంది కన్నయ్యా, ఇంత నున్నగా చెక్కతావుండావు?" అని అడిగాడు మునుస్వామి.

"అలవాటు. నువ్వేంది, గోడకి అన్నిసార్లు గుండు వేలాడదీసి చూస్తావుండావు?"

"నాకూ అలవాటే."

ఇద్దరం చెరోవైపు తిరిగి నవ్వుకున్నాం.

తలుపు మాత్రం తలుపంటే తలుపు. ఒక్క మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించాను. లోపల నా మణికట్టంత లావు గడియ పెట్టాను. ఏనుగొచ్చి తోసినా కదలదని నేనే చాటుకున్నాను. ద్వారబంధం నిలబెట్టిన రోజున సింగారం పసుపు, కుంకుమ, మామిడాకులు తెప్పించి, కొత్త పంచె మీద తాంబూలం పెట్టి నా చేతికిచ్చాడు. నేను గడపకి పసుపు రాసి ఇల్లు చల్లగా ఉండాలని దీవించాను. మా వడ్రంగుల్లో ఒక కట్టుబాటుంది. ద్వారబంధం ఎత్తి తాంబూలం పుచ్చుకున్నవాడు మళ్లీ ఆ వాకిలి మీద పనిముట్టు ఎత్తి కొట్టకూడదు. ఇంకొకడు కొట్టబోతే చూస్తూ ఊరుకోకూడదు. చేతిలో విద్య పోతుందంటారు. సింగారం ఇదంతా నా చేత ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

"అంటే నువ్వు దీన్ని పగలగొట్టవు. ఎవురన్నా పగలగొట్టబోయినా అడ్డం పడతావు."

"తప్పకుండా పడతా ముస్సే."

వాడు ఎంతో సంతోషించి ఇంకో పంచె పెట్టాడు. నా దీవెన బలం చూసి మురిసిపోయాడనుకున్నాను.

ఓడ ఏ రోజు వస్తుందో సింగారం చెప్పాడు. సముద్రంలోకి పోయే ఇనుప వంతెన దగ్గర పొద్దున్నే నిలబడమన్నాడు. తానే వచ్చి పడవెక్కిస్తానన్నాడు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, తాంబూలంలో వచ్చిన పంచె కట్టుకుని వెళ్లాను. వెళ్లి చూస్తే వంతెన మొదట్లో మునుస్వామి నిలబడి ఉన్నాడు. తలకి కొత్త పాగా, చంకలో తాపీ, గుండు కట్టిన మూట.

"యాడికి మునుస్వామీ?"

"యాడికీ లేదు. గాలికి వచ్చినా. నువ్వు?"

"నేనూ గాలికే."

అంతలో పెంకులవాడు గాలికి వచ్చాడు. వాడి వెనకాల సున్నంవాడు చీపురుకుంచెలతో సహా గాలికి వచ్చాడు. అందరం ఒకరి మూట ఒకరం చూడనట్టు నటిస్తూ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాం. దూరాన ఓడ కనబడుతోంది. పడవలు జనాన్ని ఎక్కించుకుని పోతున్నాయి, ఖాళీగా తిరిగొస్తున్నాయి. ఎండెక్కింది. సింగారం గొడుగు జాడ లేదు. ఓడ పొగ వదిలి కదిలింది.

"ఇంక చెప్పండ్రా. ఎవురెవురికి ఒక్క చోటుండాదన్నాడు?" అన్నాడు మునుస్వామి నీరసంగా.

అందరం చేతులెత్తాం.

అక్కణ్ణుంచి ముత్యాలపేట దాకా మేం నడిచిన నడక సిపాయిలు కూడా నడవలేరు. మమ్మల్ని దూరాన చూడగానే సింగారం లోపలికి దూరాడు. నేను చేసిన గడియ నేను చెవులారా వింటుండగా పడింది. ఎంత చక్కగా పడిందనుకున్నారు. ఒక్క క్షణం నాకు గర్వంగా కూడా అనిపించింది. సిగ్గులేని జన్మ.

"కన్నయ్యా, నీ పనితనం నీకే తెలుస్తుంది. యాడ కొడితే ఊడుతుందో చూసి కొట్టు" అన్నారు అందరూ.

నేను సంచీ విప్పాను. కొయ్యసుత్తి తీశాను. గడప మీద నేను రాసిన పసుపు ఇంకా ఆరినట్టు లేదు. చెయ్యి పైకి లేవలేదు.

"నేను కొట్టకూడదు. తాంబూలం పుచ్చుకున్నా" అన్నాను.

"అట్లయితే తప్పుకో. మేం కొడతాం."

"మిమ్మల్నీ కొట్టనీకూడదు."

"ఏంది?"

తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాను. నన్ను ముంచినవాడి కొంపకి నేనే కాపలా. మునుస్వామి నన్ను చూసిన చూపు చెప్పడానికి నాకు మాటలు లేవు. పెంకులవాడికి మాత్రం చాలా మాటలున్నాయి, వాటిని ఇక్కడ రాయలేను.

"ఈడూ ఆడి మనిషే. తలుపు చేసినప్పుడే అనుకున్నా" అన్నాడు సున్నంవాడు.

లోపల్నుంచి సింగారం గొంతు వినబడింది. "కన్నయ్యా, నీదే నిజమైన పనితనం. వచ్చే ఓడలో నువ్వే."

ఇంత జరిగాక కూడా ఆ మాటకి నా చెవి ఒకసారి నిక్కింది. దాచడమెందుకు, చెప్పేస్తున్నాను. నా చొక్కా పట్టుకుని మునుస్వామి లాగుతుంటే, కట్టుబాటు గురించి నేను ఉపన్యాసం ఇస్తుంటే, వీధి జనమంతా చుట్టూ చేరారు. ఎవరో వెళ్లి మా మామకి చెప్పినట్టున్నారు. జనం వెనకాల ఆయన తలపాగా ఒకసారి కనబడింది, మళ్లీ కనబడలేదు. నేను సిగ్గుతో తల దించుకుని ఇంకా గట్టిగా తలుపుని కరుచుకున్నాను. ప్రాణం పోయినా విద్య పోనివ్వనన్నాను.

అప్పుడు నా వెనకాల గడియ కదిలింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. నేను వెల్లకిలా లోపల పడ్డాను.

తలెత్తి చూస్తే పైన నిలబడినవాడు సింగారం కాదు. మా మామ.

"తలుపు బాగా చేసినావురా" అన్నాడు ఆయన, రెక్కని ఒకసారి నిమిరి. "పెరట్లో తలుపే లేదు. చాప కట్టుండాది. నీ దళారి దాన్ని పైకెత్తి అట్నుంచే పారిపోయినాడు. నేనూ అట్నుంచే వచ్చినా."

మునుస్వామి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గడప మీదే కూలబడ్డాడు. పెరటి గోడ కట్టినవాడు వాడే. అక్కడ సందు వదిలినవాడు వాడే. ఆ పెరటి తలుపు ఇంకో వడ్రంగికి పరీక్షగా పెట్టడానికి ఆపి ఉంచాడట సింగారం. మేం తేరుకునేలోగా సింగారం ఇంగ్లీషువాళ్ల ఎల్ల దాటేశాడు. అటు దాటితే మన ఫ్రెంచి పోలీసులు వాణ్ణి పట్టుకోలేరు. ఇల్లు వాడి బావమరిది పేరున ఉందని తరవాత తెలిసింది. అతను ఆ తలుపు తీసుకుంటూ వేసుకుంటూ హాయిగా కాపురం చేసుకున్నాడు.

వానలు పట్టేముందు దొరసాని కిటికీ తలుపులు పూర్తయ్యాయి. ఆ పని మా మామకి వెళ్లింది. నేను ఆయన కింద రంపం లాగాను. మధ్యలో ఆగితే ఆయన ఏమీ అనేవాడు కాదు, ఒక్క మాట అడిగేవాడు. "ఏందిరా, సైగోను ఓడ కనబడిందా?" నాన్న దూలం పోయినందుకు ఏడుపొచ్చేది. ఏడిస్తే రంపం వంకర పోతుందని ఆపుకునేవాణ్ణి.

అందుకే వడ్రంగులందరి సాక్షిగా నేనొక ఘోరమైన ఒట్టు పెట్టుకున్నాను. నన్ను పనికి పిలిచినవాడు ముస్సే కానీ, మహారాజు కానీ, వాడి వాకిలికి పసుపు రాయడానికి ముందు వాడి పెరట్లోకి వెళ్లి తలుపుందో చాపుందో చూసి వస్తాను. చాపే ఉంటే, వాడు సైగోను కాదుగదా స్వర్గానికే చోటిస్తానన్నా, పసుపు గిన్నె చంకన పెట్టుకుని ఆ పెరటి దారినే బయటపడతాను.